థ్రాటిల్ సెన్సార్ పోయిందన్నారు, బాడీ మొత్తం మార్చాలా?

కావలి తమ్ముడు అడిగింది క్లుప్తంగా ఇది. 2021 మోడల్ బీఎస్6 బండి, 150 సీసీ, నలభై వేల కిలోమీటర్లకు దగ్గర పడింది. నలభై, యాభై స్పీడులో నిలకడగా పోతుంటే జర్క్ కొడుతోంది. ఆగిన చోట ఐడ్లింగ్ పైకీ కిందికీ ఊగుతోంది. మీటరులో పసుపు ఇంజిన్ లైటు ఒకరోజు వెలుగుతోంది, మళ్ళీ రెండ్రోజులు కనపడదు. మెకానిక్ చూసి థ్రాటిల్ సెన్సార్ పోయింది, అది విడిగా దొరకదు, థ్రాటిల్ బాడీ (ఇంజిన్‌కు పోయే గాలిని అదుపు చేసే భాగం) మొత్తం మార్చాలి అని వేలల్లో బిల్లు చెప్పాడు. మార్చాలా వద్దా అని.

ఇప్పుడే మార్చొద్దు తమ్ముడూ. నువ్వు చెప్పిన లక్షణాలకు థ్రాటిల్ పొజిషన్ సెన్సార్ (అందరూ టీపీఎస్ అంటారు) కారణం కావచ్చు, కాదనను. కానీ ఆ సెన్సార్‌కు వచ్చే మూడు వైర్లలో ఏ ఒక్కటి సరిగ్గా తగలకపోయినా ఇవే లక్షణాలు వస్తాయి, కప్లర్ (ఆ వైర్లను సెన్సార్‌కు కలిపే కనెక్టర్) లోపల చిలుము పట్టినా ఇవే వస్తాయి. సెన్సార్ పోయిందట అని నా దగ్గరికి వచ్చే బండ్లలో ఎక్కువ వాటికి చివరికి వైరో కప్లరో తేలుతుంది. ఏదన్నది తేల్చడానికి ఒక మామూలు మల్టీమీటరు, రెండు గుండుసూదులు, అరగంట టైము చాలు. కొలిచాక సెన్సారే అని తేలితే మార్చేయ్, అప్పుడు ఇంక ఆలోచించే పని లేదు.

నాది నెల్లూరులో బండ్ల ఎలక్ట్రికల్ పని. కార్బ్యురేటర్ బండ్ల కాలం నుంచీ ఇదే. 2020 ఏప్రిల్ 1న బీఎస్6 పొగ నిబంధనలు వచ్చాక దాదాపు అన్ని బండ్లూ ఫ్యూయల్ ఇంజెక్షన్ అయిపోయాయి, అప్పటి నుంచి ఏ మిస్సింగ్ వచ్చినా "సెన్సార్" అనేయడం అలవాటైపోయింది. మెకానిక్‌ను తప్పు పట్టడం లేదు. షాపు ముందు పది బండ్లు నిలబడి ఉంటే ఒక్కో వైరు పట్టుకుని కొలిచే తీరిక ఎవరికుంటుంది? అయితే డబ్బు నీది కాబట్టి ఆ తీరిక నువ్వు చేసుకోవాలి.

సెన్సార్ చేసే పని చెబితే మిగతాది సులభంగా అర్థమవుతుంది. నువ్వు యాక్సిలరేటర్ తిప్పితే కేబుల్ లాగుతుంది, థ్రాటిల్ బాడీలో బిళ్ళ తెరుచుకుంటుంది. ఆ బిళ్ళ ఇరుసుకు ఒక చివర కేబుల్ చక్రం ఉంటే రెండో చివర టీపీఎస్ ఉంటుంది. చాలా బండ్లలో అది ఒక చిన్న పొటెన్షియోమీటర్, అంటే లోపల కార్బన్ పూసిన పట్టీ, దాని మీద రాసుకుంటూ తిరిగే ఒక చిన్న రేకు. పాత రేడియోలో వాల్యూమ్ తిప్పితే ఒకచోట గరగరమనేది గుర్తుందా, అదే వస్తువు, అదే జబ్బు. ఈసీయూ (ఇంజిన్‌ను నడిపే చిన్న కంప్యూటరు) దానికి 5 వోల్టులు ఇస్తుంది, ఒక వైరు ఎర్త్, మధ్యలో సిగ్నల్ వైరు. బిళ్ళ మూసి ఉంటే సిగ్నల్ సుమారు అర వోల్టు, పూర్తిగా తెరిస్తే నాలుగు వోల్టుల పైచిలుకు. ఈ వోల్టేజీని బట్టి నువ్వెంత తిప్పావో, ఎంత తొందరగా తిప్పావో ఈసీయూకు తెలుస్తుంది, దాన్ని బట్టే పెట్రోలు ఎంత కొట్టాలో, స్పార్క్ ఎప్పుడివ్వాలో చూసుకుంటుంది. చెయ్యి కదపకుండానే ఆ వోల్టేజీ ఎగిరి పడితే ఈసీయూ నువ్వు యాక్సిలరేటర్ వదిలేసి మళ్ళీ తిప్పావనుకుంటుంది. నీకు జర్క్‌గా తెలిసేది అదే.

ఇప్పుడు పసుపు లైటు సంగతి, ఇది చాలామంది తిరగేసి అర్థం చేసుకుంటున్నారు. సిగ్నల్ ఉండాల్సిన హద్దు దాటితేనే, అంటే దాదాపు సున్నాకు పడిపోతేనో ఐదుకు ఎగిరితేనో లైటు వెలుగుతుంది. పట్టీ మధ్యలో కాస్త అరిగి 1.2 ఉండాల్సిన చోట 0.9 చూపిస్తే ఈసీయూకు అది కూడా సరైన నంబరులాగే కనపడుతుంది, లైటు రాదు. కాబట్టి లైటు రాలేదని సెన్సార్ మంచిదే అనుకోవడానికి లేదు, లైటు వచ్చిందని సెన్సారే పోయిందనీ లేదు. నీ బండికి లైటు వచ్చి పోతోంది. అంటే ఎక్కడో పూర్తిగా తెగి మళ్ళీ తగులుతోంది. అలాంటిది చూస్తే నా అనుమానం ముందు కప్లర్ మీదికే పోతుంది.

ముందు ఒక చిన్న పని చెయ్యి, దీనికి మీటరు కూడా అక్కర్లేదు. యాక్సిలరేటర్ గ్రిప్ మీద ఒక తెల్ల టేపు ముక్క, పక్కనే స్విచ్చుల డబ్బా మీద ఇంకో ముక్క అంటించు. గ్రిప్ వదిలేసి ఉన్నప్పుడు రెండూ కలిసేలా పెన్నుతో ఒక గీత గీయి. గ్రిప్ వైపు టేపు మీద ఇంకో నాలుగైదు గీతలు కొద్ది కొద్ది ఎడంతో పెట్టు. వెనక ఒక ఫ్రెండును కూర్చోబెట్టుకుని ఖాళీ రోడ్డు మీదికి పో, గీతలు అతను చూస్తాడు, నువ్వు రోడ్డు చూడు. మూడో గేరులో మెల్లగా తిప్పుకుంటూ పో, జర్క్ కొట్టినప్పుడు ఏ గీత దగ్గర ఉందో అతన్ని చెప్పమను. అదే పని నాలుగులో, ఐదులో. స్పీడు మారినా గేరు మారినా జర్క్ మాత్రం అదే గీత దగ్గర కొడుతుంటే టీపీఎస్ మీద అనుమానం బలంగా పెట్టుకోవచ్చు, ఎందుకంటే ఆ సెన్సార్‌కు గేరుతో, స్పీడుతో సంబంధం లేదు, గ్రిప్ ఎక్కడుందన్నదే దానికి లెక్క. గీత మారుతూ ఎప్పుడూ ఒకే ఆర్‌పీఎం దగ్గర వస్తుంటే ప్లగ్గు, కాయిల్ వైపు చూడాలి. లోడు పడినప్పుడే, ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు, ఇద్దరు కూర్చున్నప్పుడు వస్తుంటే ఫ్యూయల్ పంపు, ఫిల్టర్, లేదంటే ట్యాంకులో చేరిన నీళ్ళు. గుంతలో పడినప్పుడో హ్యాండిల్ తిప్పినప్పుడో వస్తే అది వైరే, దాని గురించి వాదన లేదు.

తర్వాత కోడ్, అంటే ఈసీయూ గుర్తుపెట్టుకున్న తప్పు నంబరు, చదివించు. బీఎస్6 బండికి సీటు కిందో సైడు ప్యానెల్ లోపలో డయాగ్నస్టిక్ సాకెట్ ఉంటుంది, స్కానర్ ఉన్న షాపులు నెల్లూరు, ఒంగోలుల్లో చాలా ఉన్నాయి, కావలిలోనూ దొరుకుతాయి. చాలా హోండా బండ్లలో ఆ పసుపు లైటే కోడ్ చెబుతుంది, 8 సార్లు బ్లింక్ అయితే టీపీఎస్. కొన్ని యమహాల్లో 15, 16 నంబర్లు దీనివే. స్కానర్‌లో పీ0122 వస్తే సిగ్నల్ తక్కువని, పీ0123 వస్తే ఎక్కువని. ఈ తక్కువ ఎక్కువల్లోనే అసలు క్లూ ఉంది, దాన్ని ఎవరూ పట్టించుకోరు. సిగ్నల్ ఐదు వోల్టుల దగ్గరికి ఎగిరిపోతోందంటే సాధారణంగా సెన్సార్ ఎర్త్ వైరు తెగినట్టు. సున్నాకు పడిందంటే 5 వోల్టుల వైరు రావడం లేదు, లేదా సిగ్నల్ వైరు ఎక్కడో ఒరుసుకుని ఫ్రేముకు తగులుతోంది. కోడ్ చెరిపేసే ముందు ఒక ఫొటో తీసుకో. చెరిపేశాక తీరిగ్గా ఏం కోడ్ వచ్చింది అంటే చెప్పేవాళ్ళుండరు.

మీటరు పట్టుకునే ముందు రెండు చూసుకో. బండి స్టార్ట్ చేసి హ్యాండిల్ ఇటు చివరికీ అటు చివరికీ తిప్పు, ఆర్‌పీఎం పెరిగితే అది కేబుల్ గొడవ. బ్యాటరీ చూడు. రాత్రంతా ఆగిన బండికి 12.4 వోల్టులకు తగ్గకూడదు, స్టార్ట్ చేసి కాస్త రైజ్ చేస్తే పదమూడున్నరకు పైన, పద్నాలుగున్నర లోపల ఉండాలి. బ్యాటరీ చచ్చిన బండిలో సెన్సార్లన్నీ చెడిపోయినట్టే కనపడతాయి.

ఇక అసలు కొలత. తాళం ఆఫ్ చేసి టీపీఎస్ కప్లర్ పీకు, లాక్ నొక్కి లాగాలి, వైర్లు పట్టుకుని లాగొద్దు. లోపల ఇత్తడి పిన్నులు మెరుస్తూ ఉండాలి. పచ్చగా పొడి కనపడినా, ఒక పిన్ను వెనక్కి జారి ఉన్నా సగం జవాబు అక్కడే దొరికినట్టు. ఇప్పుడు తాళం ఆన్ చెయ్యి. పంపు రెండు క్షణాలు గుయ్‌మని ఆగుతుంది, కంగారు పడొద్దు. మీటరు నల్ల వైరు బ్యాటరీ నెగెటివ్‌కు పెట్టి ఎర్ర వైరుతో కప్లర్ పిన్నులు ఒక్కొక్కటే చూడు. ఒకదానిలో 5 వోల్టులు రావాలి, 4.75 నుంచి 5.25 దాకా పర్లేదు. రాకపోతే సెన్సార్ మార్చి ఉపయోగం లేదు, దానికి కరెంటే రావడం లేదు. అప్పుడు మ్యాప్ సెన్సార్ (ఇంజిన్ లాగే గాలి ఒత్తిడి కొలిచేది) విడిగా ఉంటే దాని కప్లర్ కూడా పీకి మళ్ళీ చూడు. చాలా బండ్లలో రెండింటికీ ఒకే 5 వోల్టుల లైను, అటువైపు సెన్సార్ షార్ట్ అయితే ఇటువైపు కూడా పడిపోతుంది.

5 వోల్టులు వస్తుంటే కప్లర్ మళ్ళీ పెట్టి, వెనక వైపు రబ్బరు సీలు పక్కనుంచి గుండుసూది మెల్లగా దూర్చి పిన్ను తగిలేలా పెట్టు. వైరు మధ్యలో తొడుగుకు మాత్రం గుచ్చొద్దు. మన వైపు సముద్రపు గాలికి ఆ చిన్న బొక్కలోంచి తేమ దూరి కొన్ని నెలల్లో రాగి పచ్చబడి తెగుతుంది, ఇవాళ్టి పరీక్షే రేపటి జబ్బు. ఎర్త్ పిన్నుకూ బ్యాటరీ నెగెటివ్‌కూ మధ్య 0.1 వోల్టు కంటే తక్కువ ఉండాలి. సిగ్నల్ పిన్ను మూసి ఉన్నప్పుడు 0.4, 0.8 మధ్యలో, పూర్తిగా తిప్పితే 3.8, 4.6 మధ్యలో ఎక్కడో ఉంటుంది. సరిగ్గా ఎంతన్నది నీ బండి సర్వీస్ మాన్యువల్‌లో చూసుకో. ఆ రెండు చివరల కంటే మధ్య దారి ముఖ్యం. ఇంజిన్ ఆఫ్‌లోనే గ్రిప్‌ను చాలా మెల్లగా, పది లెక్కపెట్టే టైములో మొత్తం తిరిగేలా తిప్పు. వోల్టేజీ నున్నగా ఎక్కాలి, నున్నగా దిగాలి. ఒకచోట ఆగిపోయినా, కిందికి పడి లేచినా ఆ చోటే సెన్సార్ చచ్చిన చోటు.

దీనికి నేను ఇప్పటికీ ముల్లు ఉన్న పాత మీటరే వాడతాను. డిజిటల్ మీటరు సెకనులో రెండు మూడు సార్లే నంబరు మారుస్తుంది, మధ్యలో ఒక తుంపు వచ్చిపోతే దానికి కనపడదు. ముల్లయితే టక్కున ఊగుతుంది. పోయినేడు వచ్చిన ఒక బండి చెబుతాను. రోజూ హైవే మీద ఒంగోలు వైపు పోయొచ్చే ఉద్యోగి, ఎప్పుడూ ఒకే స్పీడు. డిజిటల్ మీటరులో అంతా బాగుంది. ముల్లు మీటరు పెట్టి తిప్పితే 0.6 నుంచి చక్కగా ఎక్కుతూ 1.1 దాటగానే ఒక్క ఊపు కిందికి, మళ్ళీ 1.2. గ్రిప్ అక్కడే పట్టుకుని వేలితో కొంచెం అటూ ఇటూ అంటే ముల్లు గిలగిల. ఏళ్ళ తరబడి గ్రిప్ అదే చోట నిలిపి తోలితే లోపల రేకు ఆ పట్టీని అక్కడే రాస్తుంది, అక్కడే అరుగుతుంది. ఆయనకు సెన్సార్ మార్చక తప్పలేదు, మార్చాం, జర్క్ పోయింది. నీ జర్క్ కూడా నలభై, యాభై మధ్యే అన్నావు కాబట్టి ఈ పరీక్ష ఓపిగ్గా చెయ్యి.

దీనికి పూర్తిగా ఎదురు కేసు విడవలూరు వైపు రొయ్యల చెరువులు చూసుకునే ఒకాయనది. బండి రోజంతా చెరువు గట్టు మీదే, ఉప్పు తేమ, పైగా వారానికోసారి ప్రెషర్ పైపుతో వాటర్ సర్వీసింగ్. వేరే చోట సెన్సార్ మార్పించుకుని వచ్చాడు, నెల కూడా తిరక్కుండా మళ్ళీ అదే జర్క్. కప్లర్ పీకితే ఎర్త్ పిన్ను చుట్టూ పచ్చ చిలుము, రబ్బరు సీలు ఒకవైపు మడత పడి ఉంది. కొత్త సెన్సార్ పెట్టినప్పుడు కప్లర్ తీసి పెట్టడం వల్ల చిలుము కాస్త రాలి కొన్నాళ్ళు తగిలింది, అందుకే బాగైనట్టు అనిపించింది. పిన్ను మార్చి, సీలు మార్చి, కాంటాక్ట్ క్లీనర్ కొట్టి, సీలు అంచున డైఎలక్ట్రిక్ గ్రీజు (కరెంటు పారనివ్వని, తేమ ఆపే గ్రీజు) కొంచెం రాసి పంపాను. పాత సెన్సార్ కూడా సంచిలో తెచ్చాడు, కొలిస్తే అది శుభ్రంగా ఉంది. నీ బండి సెకండ్ హ్యాండ్‌ది అయితే ఒకటి కనుక్కో. 2021 నవంబరులో పెన్నా వరదకు మా వైపు చాలా బండ్లు మునిగాయి. ఇంజిన్ ఆయిలు మార్చి స్టార్ట్ చేసి అమ్మేసినవి ఉన్నాయి, వాటి కప్లర్లు తర్వాత నెలల తరబడి ఒక్కొక్కటే బయటపడుతూ వచ్చాయి.

మీటరు సిగ్నల్ మీద పెట్టి ఉంచే వైరింగ్‌ను కదిపి చూడు, ముఖ్యంగా హ్యాండిల్ మెడ దగ్గర, ట్యాంకు కింద క్లిప్పు బిగించిన చోట. అక్కడే వంగి వంగి తొడుగు లోపల రాగి తెగుతుంది, పైకి ఏమీ కనపడదు. ఇంట్లో వడ్ల బస్తాల పక్కన బండి పెట్టేవాళ్ళు ఎలుక కొరికిందేమో కూడా చూసుకోవాలి. ఇదంతా బండి చల్లగా ఉన్నప్పుడు ఒకసారి, బాగా వేడెక్కాక ఒకసారి చెయ్యి. మన మే నెల ఎండలో ట్రాఫిక్‌లో నిలబడ్డ ఇంజిన్ పక్కన సెన్సార్ ఎంత వేడిలో ఉంటుందో నీకు తెలుసు, కొన్ని అప్పుడే తప్పుతాయి. స్క్రూడ్రైవర్ పిడితో సెన్సార్ మీద మెల్లగా తట్టు, ముల్లు ఊగితే అది లోపలి గొడవే.

ఇంకొకటి, నీ బండికి రెండు జబ్బులు ఉండొచ్చు. ఐడ్లింగ్ ఊగడం జర్క్‌తో సంబంధం లేనిది కూడా కావచ్చు. చీమకుర్తి క్వారీల వైపు తిరిగే బండ్లకు గ్రానైట్ దుమ్ముతో ఎయిర్ ఫిల్టర్ త్వరగా మూసుకుపోతుంది, బిళ్ళ అంచు చుట్టూ నల్లటి మడ్డి పేరుకుంటుంది, ఐడ్లింగ్ గాలి దారి మూసుకుపోయి ఆర్‌పీఎం పైకీ కిందికీ ఆడుతుంది. దానికి థ్రాటిల్ బాడీ క్లీన్ చేస్తే చాలు. ఇంటేక్ రబ్బరు పగిలి గాలి లాగుతున్నా ఇలాగే ఉంటుంది, రబ్బరు చుట్టూ పరీక్షగా చూస్తే పగులు కనపడుతుంది. క్లీనింగ్ చేసేటప్పుడు క్లీనర్‌ను గుడ్డకు కొట్టి తుడవాలి, సెన్సార్ వైపు స్ప్రే చెయ్యొద్దు.

చెయ్యకూడనివి. టీపీఎస్ స్క్రూలు వదులు చెయ్యొద్దు, పెయింట్ గుర్తు పెట్టిన స్టాప్ స్క్రూ తిప్పొద్దు. ఫ్యాక్టరీలో కొలిచి బిగించినవి అవి, కదిలితే బిళ్ళ మూసినా ఈసీయూకు మూసినట్టు తెలీదు. రేకు లేకుండా అయస్కాంతంతో పనిచేసే సెన్సార్లకు మీటరు ఓమ్స్ (రెసిస్టెన్స్) మీద పెట్టి కొలవొద్దు, వాటిని వోల్టేజీలోనే చూడాలి. కేటీఎం 390 లాంటి కేబుల్ లేని బండ్లలో రెండేసి సిగ్నళ్ళు ఉంటాయి, పైన చెప్పిన లెక్క అక్కడ కుదరదు, స్కానర్‌తోనే చూడాలి. కప్లర్ పీకేసి తోలి "చూడు, జర్క్ పోయింది, కాబట్టి సెన్సారే" అనేవాళ్ళుంటారు. పీకేస్తే ఈసీయూ తనకు తోచిన నంబరుతో నడుపుతుంది కాబట్టి జర్క్ పోతుంది. సిగ్నల్ తప్పుగా వస్తోందన్నంత వరకే దానికి అర్థం, తప్పు సెన్సార్‌దా వైరుదా అన్నది తేలదు.

అన్నీ చూశాక సెన్సారే అని తేలిందనుకో. నీ మెకానిక్ చెప్పిన దాంట్లో ఒకటి నిజం, చాలా చిన్న బండ్లలో టీపీఎస్, మ్యాప్, గాలి వేడి సెన్సార్ మూడూ ఒకే ముక్కలో ఉంటాయి, కొన్నింటికి బాడీతో కలిపే ఇస్తారు. అయినా పార్ట్ నంబర్ల పుస్తకంలో సెన్సార్ యూనిట్ విడిగా ఉందేమో ఇంకో చోట కూడా అడుగు. ఊరూ పేరూ లేని చవక సెన్సార్ ఆన్‌లైన్‌లో తెప్పించొద్దు, చాలావాటికి మూసినప్పటి వోల్టేజీయే కుదరదు, మళ్ళీ ఐడ్లింగ్ గొడవ మొదలు. మార్చాక ఈసీయూకు కొత్త సున్నా నేర్పే పద్ధతి ఒక్కో బండికి ఒక్కోటి, కొన్నింటికి తాళం ఆన్ చేసి గ్రిప్ ముట్టుకోకుండా కాసేపు ఉంచితే చాలు, కొన్నింటికి స్కానర్‌తో చెయ్యాలి. అది చెయ్యకుండా బండి బయటికి తియ్యనివ్వొద్దు. స్కానర్ ఉండగానే లైవ్ డేటాలో థ్రాటిల్ శాతం చూపించమను, వదిలేస్తే సున్నా దగ్గర నిలబడాలి, తిప్పితే మధ్యలో ఎగరకుండా ఎక్కాలి. పాత బాడీ అక్కడ వదిలేసి రాకు, అందులో ఇంజెక్టర్ ఉంటే అది ఇంకా పనికొస్తుంది.